ఒకే ప్రజ, రెండు ప్రభుత్వాలు: పాలస్తీనా చీలికకు ప్రపంచం స్పందించిన తీరు

పాలస్తీనా అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది ఇజ్రాయెల్‌తో ఉన్న వివాదం. వార్తలలో తరచుగా వినే మాట అది. అయితే ఆ పెద్ద వివాదం లోపల మరొక వివాదం ఉంది. పాలస్తీనీయులు తమలో తాము రెండుగా చీలిపోయారు. 2007 జూన్ తరువాత వెస్ట్‌బ్యాంక్‌లోని రమల్లాలో ఒక ప్రభుత్వం, గాజాలో మరొక ప్రభుత్వం నడిచాయి. ఒకదానిని నడిపింది ఫతా, మరొకదానిని నడిపింది హమాస్. ఈ చీలికను చూసి ప్రపంచ దేశాలు ఏం చేశాయి? ఎవరితో మాట్లాడాయి, ఎవరికి డబ్బు ఇచ్చాయి, ఎవరికి తలుపు మూశాయి? దాని ఫలితం ఎవరి మీద పడింది? ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది ఇదే.

నేను విజ్ఞానశాస్త్రం బోధించేవాడిని, చరిత్రకారుడిని కాను. అందువల్ల నాకు బాగా తెలిసిన ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. ఒక చిన్న గిన్నెడు వేడినీటిలో ఉష్ణమాపకం ముంచామనుకోండి. అది నీటి వేడిని చూపిస్తుంది. ఆ పనిలో తాను కూడా కొంత వేడిని లాక్కుంటుంది. నీరు కొద్దిగా ఉంటే ఈ తేడా కూడా లెక్కకు వస్తుంది. చిన్న సమాజాల విషయంలో పెద్ద దేశాల స్పందన ఇటువంటిదే. బయటినుంచి చూసి తీర్పు చెబుతున్నామని ఆ దేశాలు అనుకుంటాయి. కాని ఆ తీర్పే లోపలి పరిస్థితిని మారుస్తుంది. ఈ మాటను మనసులో ఉంచుకుని మిగతా కథ చదవండి.

చీలికకు పూర్వరంగం

1948 యుద్ధం తరువాత గాజా ఈజిప్టు పాలనలోకి, వెస్ట్‌బ్యాంక్ జోర్డాన్ పాలనలోకి వెళ్లాయి. 1967 జూన్ యుద్ధంలో ఈ రెండింటినీ ఇజ్రాయెల్ ఆక్రమించింది. గాజా విస్తీర్ణం సుమారు 365 చదరపు కిలోమీటర్లు మాత్రమే. వెస్ట్‌బ్యాంక్ దానికి దాదాపు పదిహేను రెట్లు ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఇజ్రాయెల్ భూభాగం అడ్డుగా ఉంది. 1999 అక్టోబరులో రెండు ప్రాంతాలను కలుపుతూ ఒక "సురక్షిత మార్గం" తెరిచారు గాని, 2000లో రెండవ ఇంతిఫాదా మొదలవగానే అది మూతపడింది. అంటే రాజకీయంగా చీలిపోకముందే ఈ ప్రజలు భౌగోళికంగా వేరుపడి ఉన్నారన్నమాట.

పాలస్తీనా విమోచన సంస్థ (పి.ఎల్.ఓ.) 1964లో ఏర్పడింది. యాసర్ అరాఫత్ నాయకత్వంలోని ఫతా అందులో ప్రధాన పక్షం. 1974 అక్టోబరులో రబాత్ నగరంలో సమావేశమైన అరబ్ దేశాధినేతలు పి.ఎల్.ఓ.ను పాలస్తీనా ప్రజల ఏకైక న్యాయబద్ధ ప్రతినిధిగా గుర్తించారు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి దానికి పరిశీలక హోదా ఇచ్చింది. "ఏకైక" అనే ఆ మాటను బాగా గుర్తుపెట్టుకోండి. ఆ తరువాత వచ్చిన చాలా చిక్కులకు మూలం అందులో ఉంది. ఎందుకంటే 1987 డిసెంబరులో, మొదటి ఇంతిఫాదా రోజులలో, హమాస్ పుట్టింది. అది పి.ఎల్.ఓ.లో చేరలేదు. 1993లో పి.ఎల్.ఓ. ఇజ్రాయెల్‌ను గుర్తించి ఓస్లో ఒప్పందంపై సంతకం చేసింది. హమాస్ ఆ ఒప్పందాన్ని తిరస్కరించి ఆత్మాహుతి దాడులకు దిగింది. అమెరికా 1997లోను, యూరోపియన్ యూనియన్ 2003లోను హమాస్‌ను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చాయి.

ఓస్లో ఫలితంగా 1994లో పాలస్తీనా అథారిటీ ఏర్పడింది. 1996లో జరిగిన తొలి ఎన్నికలను హమాస్ బహిష్కరించింది. 2004 నవంబరులో అరాఫత్ మరణించారు. 2005 జనవరిలో మహమూద్ అబ్బాస్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. అదే సంవత్సరం గాజాలోని తన సైన్యాన్ని, యూదు ఆవాసాలను ఇజ్రాయెల్ ఉపసంహరించుకుంది. శాసనసభ ఎన్నికలలో పోటీ చేయాలని హమాస్ నిర్ణయించుకున్నది కూడా ఆ ఏడాదే. ఎన్నికలు అనుకున్న సమయానికి జరగాలని అమెరికా కూడా కోరింది.

ఓట్ల లెక్క, సీట్ల లెక్క

2006 జనవరి 25న పోలింగు జరిగింది. నూటికి 77 మంది దాకా ఓటు వేశారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, యూరోపియన్ యూనియన్ పరిశీలకులు ఎన్నిక సక్రమంగా జరిగిందని చెప్పారు. ఫలితం మాత్రం చాలామందిని నివ్వెరపరిచింది. 132 స్థానాలలో హమాస్ అభ్యర్థులకు 74, ఫతాకు 45 వచ్చాయి.

ఈ అంకెలను చూసి పాలస్తీనీయులు మూకుమ్మడిగా హమాస్ వైపు మళ్లారని చాలామంది అనుకున్నారు. అయితే లెక్కను కొంచెం విడదీసి చూడండి. సగం స్థానాలు, అంటే 66, పార్టీల జాబితాలకు వచ్చిన ఓట్ల నిష్పత్తినిబట్టి పంచారు. ఇందులో హమాస్ జాబితాకు 44 శాతానికి పైగా, ఫతా జాబితాకు 41 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. తేడా 3 శాతం. అందువల్ల ఈ భాగంలో హమాస్‌కు 29, ఫతాకు 28 స్థానాలు దక్కాయి. ఒక్క స్థానమే ఎక్కువ!

మిగిలిన 66 స్థానాలను 16 జిల్లాలలో మరొక పద్ధతిలో నింపారు. జిల్లాకు ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారు వరుసగా గెలుస్తారు. హమాస్ ఎక్కడ ఎన్ని స్థానాలున్నాయో అంతకు మించకుండా అభ్యర్థులను నిలిపింది. ఫతాలోనేమో టికెట్టు దొరకనివారు స్వతంత్రులుగా బరిలోకి దిగారు. తిరుగుబాటు అభ్యర్థులు ఓట్లు చీలిస్తే ఏమవుతుందో మన ఎన్నికలు చూసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. జిల్లా స్థానాలలో హమాస్‌కు 45 రాగా, ఫతాకు 17 మాత్రమే వచ్చాయి. హెబ్రోన్ జిల్లాలోని 9 స్థానాలూ హమాస్‌వే అయ్యాయి.

అంటే 44 శాతం ఓట్లు 56 శాతం స్థానాలుగా మారాయి. గెలుపు చట్టబద్ధమైనదే, అందులో సందేహం లేదు. అయితే అది దాదాపు సమానంగా చీలిన సమాజం ఇచ్చిన తీర్పు. ఫతా అవినీతిమీద కోపం, శాంతి చర్చలు ఎటూ తేలకపోవడం ఆ ఓట్లలో కలిసి ఉన్నాయి. బయటి దేశాలకు కనిపించినది మాత్రం 74 అనే అంకె ఒక్కటే.

మూడు షరతులు

అమెరికా, రష్యా, యూరోపియన్ యూనియన్, ఐక్యరాజ్యసమితి కలిసి 2002లో ఒక బృందంగా ఏర్పడ్డాయి. దీనిని "క్వార్టెట్" అంటారు. మనం చతుష్టయం అనుకోవచ్చు. ఎన్నిక జరిగిన ఐదు రోజులకే, 2006 జనవరి 30న, ఇది లండన్‌లో ఒక ప్రకటన చేసింది. కొత్త ప్రభుత్వానికి సహాయం చేసే విషయాన్ని మూడు అంశాల ఆధారంగా సమీక్షిస్తామన్నది దాని సారాంశం. ఒకటి, హింసను విడనాడాలి. రెండు, ఇజ్రాయెల్‌ను గుర్తించాలి. మూడు, అంతకుముందు కుదిరిన ఒప్పందాలను అంగీకరించాలి. హమాస్ ఈ షరతులకు ఒప్పుకోలేదు. 2006 మార్చి 29న ఇస్మాయిల్ హనియే ప్రధానిగా ప్రమాణం చేయగానే, ఏప్రిల్ కల్లా కెనడా, అమెరికా, యూరోపియన్ యూనియన్ ప్రభుత్వానికి నేరుగా ఇచ్చే సహాయాన్ని ఆపివేశాయి.

ఇజ్రాయెల్ చేతిలో మరొక తాళంచెవి ఉంది. 1994 నాటి పారిస్ ఒడంబడిక ప్రకారం పాలస్తీనాకు చేరే సరుకులపై సుంకాన్ని ఇజ్రాయెలే వసూలుచేసి, నెలనెలా పాలస్తీనా అథారిటీకి అప్పగించాలి. నెలకు 5 కోట్ల డాలర్లకు పైబడిన ఈ సొమ్మును ఇజ్రాయెల్ నిలిపివేసింది. అమెరికా చట్టాలకు భయపడి బ్యాంకులు కూడా డబ్బు బదిలీ చేయడానికి వెనుకాడాయి. అథారిటీలో సుమారు 1 లక్షా 60 వేలమంది ఉద్యోగులున్నారు. ఉపాధ్యాయులు, నర్సులు, పోలీసులు, గుమాస్తాలు, వారి కుటుంబాలను కలుపుకుంటే జనాభాలో దాదాపు నాలుగో వంతు ఆ జీతాలమీద బతికేవారు. ఆ జీతాలు ఆగిపోయాయి. 2006 డిసెంబరులో ప్రధాని హనియే విదేశీ పర్యటననుంచి తిరిగివస్తూ, సుమారు మూడున్నర కోట్ల డాలర్ల నగదు వెంట తెచ్చినందుకు రఫా సరిహద్దులో ఆగిపోవలసి వచ్చింది. బ్యాంకులో వేయవలసిన ప్రభుత్వ నిధులు పెట్టెలలో ప్రయాణం చేసే స్థితి వచ్చిందన్నమాట.

జనం ఆకలితో ఉండకూడదని యూరోపియన్ యూనియన్ 2006 జూన్‌లో ఒక తాత్కాలిక ఏర్పాటు చేసింది. ప్రభుత్వాన్ని పక్కనపెట్టి, ఆసుపత్రులకు ఇంధనం, పేదలకు, వైద్య సిబ్బందికి భృతి నేరుగా అందించడం దీని ఉద్దేశం. విచిత్రమేమిటంటే, "సహాయం ఆపివేసిన" ఆ సంవత్సరంలో యూరప్ ఖర్చు తగ్గకపోగా పెరిగింది. డబ్బు వచ్చింది గాని, అది ప్రభుత్వ కార్యాలయం గుండా రాలేదు. దానివల్ల పొట్టలు కొంతవరకు నిండాయి. పరిపాలనా వ్యవస్థ మాత్రం ఎండిపోయింది.

ఇక్కడ ఇరుపక్షాల వాదనను న్యాయంగా వినాలి. చతుష్టయం వాదన ఇది: పౌరులపై దాడులు చేసే సంస్థకు తమ పన్నుల డబ్బు ఇవ్వవలసిన బాధ్యత ఏ దేశానికీ లేదు. పైగా పాలస్తీనా అథారిటీ పుట్టిందే ఓస్లో ఒప్పందం నుంచి. ఆ ఒప్పందాన్ని కాదనేవారు దాని ఫలాన్ని ఎలా అడుగుతారు? ఈ వాదనలో బలముంది. రెండో వాదన ఇది: ఎన్నికలు పెట్టమన్నదీ, హమాస్ పోటీకి అభ్యంతరం చెప్పనిదీ ఈ దేశాలే. ఫలితం వచ్చాక షరతులు పెడితే ఓటుకున్న విలువ ఏమిటి? ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా ఆ రోజులలో అక్కడ పనిచేసిన అల్వారో డి సోటో 2007 మేలో పదవినుంచి తప్పుకుంటూ రాసిన నివేదికలో చతుష్టయం ధోరణిని ఘాటుగా విమర్శించారు. ఆ నివేదిక పత్రికలకు పొక్కింది.

చతుష్టయంలో ఉన్నవారు కూడా అంతా ఒకే బాటన నడవలేదు. రష్యా 2006 మార్చిలోనే హమాస్ నాయకుడు ఖాలిద్ మషాల్ బృందాన్ని మాస్కోకు ఆహ్వానించింది. అంతకుముందు నెలలో టర్కీ ఆయనకు ఆతిథ్యమిచ్చింది. ఇరాన్ నిధులిస్తానని ముందుకు వచ్చింది. అమెరికా అధ్యక్షుడు అబ్బాస్ రక్షక దళాల శిక్షణకు నిధులు కేటాయించింది. ఒక ఇంట్లో అన్నదమ్ములు కొట్లాడుకుంటుంటే, వీధిలోవారు చెరొక కర్ర అందించినట్లయింది.

మక్కా ఒప్పందం: ఒక మాట చుట్టూ

సయోధ్య ప్రయత్నాలు లోపలినుంచి కూడా జరిగాయి. 2006 మేలో ఇజ్రాయెల్ జైళ్లలో ఉన్న ఫతా, హమాస్ ఖైదీలు కలిసి ఒక ఐక్యతా పత్రం తయారుచేశారు. దాని స్ఫూర్తితో, వీధి ఘర్షణలు ముదిరిన వేళ, సౌదీ రాజు అబ్దుల్లా ఇరుపక్షాలను మక్కాకు పిలిపించారు. 2007 ఫిబ్రవరి 8న ఒప్పందం కుదిరింది. మార్చి 17న ఐక్య ప్రభుత్వం ఏర్పడింది.

పి.ఎల్.ఓ. లోగడ చేసుకున్న ఒప్పందాలను కొత్త ప్రభుత్వం "గౌరవిస్తుంది" అని మక్కా పత్రంలో రాశారు. చతుష్టయం కోరినది "కట్టుబడి ఉంటుంది" అనే మాట. గౌరవించడం వేరు, కట్టుబడడం వేరు. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే ఆ ప్రభుత్వం భవిష్యత్తు చిక్కుకుంది. నార్వే కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. అమెరికా, యూరోపియన్ యూనియన్ హమాస్‌కు చెందని మంత్రులతో మాత్రం మాట్లాడాయి. ఇజ్రాయెల్ మొత్తం మంత్రివర్గాన్నే బహిష్కరించింది. సౌదీ అరేబియా ఎంతో పరపతి పెట్టి సాధించిన ఒప్పందానికి ఆర్థిక ఊపిరి అందలేదు.

2007 జూన్ రెండవ వారంలో గాజా వీధులలో ఫతా, హమాస్ దళాలు బాహాటంగా తలపడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. గాజా హమాస్ వశమైంది. జూన్ 14న అబ్బాస్ ఐక్య ప్రభుత్వాన్ని రద్దుచేసి, ఆర్థికవేత్త సలాం ఫయ్యాద్‌ను ప్రధానిగా నియమించారు. ప్రపంచం స్పందన ఈసారి చాలా వేగంగా వచ్చింది. అమెరికా, యూరప్ రమల్లాకు సహాయం పునరుద్ధరించాయి. జూలైలో ఇజ్రాయెల్ పన్నుల సొమ్ము విడుదల చేసింది. ఈజిప్టు తన దౌత్య కార్యాలయాన్ని గాజానుంచి రమల్లాకు మార్చుకుంది. డిసెంబరులో పారిస్‌లో దాతలు 700 కోట్ల డాలర్లకు పైగా వాగ్దానం చేశారు. అదే కాలంలో గాజాకు దారులు మూతపడ్డాయి. 2007 సెప్టెంబరులో ఇజ్రాయెల్ గాజాను "శత్రు భూభాగం"గా ప్రకటించింది. ఈజిప్టువైపు ఉన్న రఫా ద్వారం కూడా ఎక్కువ కాలం మూసే ఉంది.

"వెస్ట్‌బ్యాంక్‌ను బాగుచేసి చూపిస్తే, గాజా ప్రజలే హమాస్‌ను వదిలేస్తారు" అన్నది ఈ విధానం వెనుక ఉన్న ఆలోచన. ఇది ఒక ప్రయోగం వంటిదే అనుకోవచ్చు. అయితే ప్రయోగంలో ఒకటి మార్చి మిగతావి మారకుండా చూసుకోవాలి. ఇక్కడ ఒకవైపు డబ్బు పెరిగింది. కాని వెస్ట్‌బ్యాంక్‌లో ఇజ్రాయెల్ ఆవాసాలు కూడా పెరుగుతూ పోయాయి. మరొకవైపు గాజాలో దిగ్బంధంతో పాటు యుద్ధాలు వచ్చిపడ్డాయి. అందువల్ల ఆశించిన ఫలితం రాలేదు.

రెండు జీతాల పట్టీలు, ఒక కరెంటు తీగ

చీలిక అనే మాట పత్రికలో చదివినప్పుడు అది నాయకుల వ్యవహారంలాగా అనిపిస్తుంది. అది ఇళ్లలోకి ఎలా ప్రవేశించిందో రెండు ఉదాహరణలతో చెబుతాను.

మొదటిది జీతం. 2007 తరువాత రమల్లా ప్రభుత్వం గాజాలోని తన ఉద్యోగులను హమాస్ కింద పనిచేయవద్దని, ఇంటివద్దనే ఉండమని ఆదేశించింది. వారికి జీతం మాత్రం పంపుతూ వచ్చింది. హమాస్ వారి స్థానంలో సుమారు 40 వేలమందిని కొత్తగా నియమించుకుంది. ఒకే బడికి, ఒకే ఆసుపత్రికి రెండు జీతాల పట్టీలు తయారయ్యాయి. ఒక పట్టీలోనివారు పనిచేయకుండా జీతం తీసుకున్నారు. మరొక పట్టీలోనివారికి పని ఉంది గాని జీతం ఎప్పుడు వస్తుందో తెలియదు. 2014 జూన్‌లో సమైక్య ప్రభుత్వం ఏర్పడినప్పుడు రమల్లా ఉద్యోగులకు జీతాలు పడ్డాయి, హమాస్ నియమించినవారికి పడలేదు. గాజాలో బ్యాంకుల ముందు ఘర్షణలు జరిగి, బ్యాంకులు రోజుల తరబడి మూసివేయవలసి వచ్చింది. ఉగ్రవాద నిధుల చట్టాల భయంతో ఏ బ్యాంకూ ఆ జీతాలను ముట్టుకోలేదు. చివరికి ఆ అక్టోబరులో ఖతార్ ఇచ్చిన సొమ్మును ఐక్యరాజ్యసమితి ద్వారా పంచారు.

రెండవది కరెంటు. గాజాకు విద్యుత్తు మూడు మార్గాలలో వచ్చేది. ఇజ్రాయెల్‌నుంచి పది తీగలద్వారా సుమారు 120 మెగావాట్లు, ఈజిప్టునుంచి కొద్దిపాటి, గాజాలోని డీజిల్ కేంద్రంనుంచి కొంత. ఆ కేంద్రం సామర్థ్యం 140 మెగావాట్లు గాని, 2006 జూన్‌లో ఇజ్రాయెల్ బాంబుదాడిలో దాని ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిన్నాక ఎన్నడూ పూర్తిగా కోలుకోలేదు. అవసరం 400 మెగావాట్లు దాటింది. కేంద్రానికి కావలసిన ఇంధనం ఖర్చును 2009 వరకు యూరోపియన్ యూనియన్ భరించింది. ఆ బాధ్యత రమల్లాకు బదిలీ అయినప్పటినుంచి బిల్లు ఎవరు కట్టాలి, డీజిల్‌మీద పన్ను ఎవరిది అనే తగాదా సాగింది. 2017 ఏప్రిల్‌లో ఇంధనం లేక కేంద్రం ఆగింది. గాజాపై ఒత్తిడి తేవడానికి అబ్బాస్ ఇజ్రాయెల్ తీగలకు కట్టే సొమ్మును తగ్గించారు. జూన్‌లో ఇజ్రాయెల్ సరఫరా తగ్గించింది. ఇళ్లకు రోజుకు నాలుగు గంటలు కరెంటు వస్తే గొప్ప. మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఆగి, రోజుకు సుమారు 10 కోట్ల లీటర్ల మురుగు సముద్రంలో కలిసింది. మురుగుకు సరిహద్దులు తెలియవు. గాజా తీరంలో వదిలిన మురుగు వల్ల ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్ మంచినీటి కర్మాగారం కూడా ఆగిపోయిన సందర్భాలున్నాయి.

ఈ ఉదాహరణలో ఒక పాఠం ఉంది. గాజాలోని చీకటికి కారణం కేవలం బయటివారే అనడం సరికాదు. కేవలం పాలస్తీనా నాయకులే అనడమూ సరికాదు. బాంబు ఒకరిది, దిగ్బంధం ఒకరిది, కట్టని బిల్లు ఒకరిది, వదులుకోని పన్ను మరొకరిది. దీపం వెలగని ఇల్లు మాత్రం ఒకటే.

మధ్యవర్తుల వరుస

సయోధ్యకోసం ఎన్ని నగరాలు ఆతిథ్యమిచ్చాయో చూడండి. 2007లో మక్కా, 2008లో యెమెన్ రాజధాని సనా, 2011 మేలో కైరో, 2012 ఫిబ్రవరిలో దోహా, 2014 ఏప్రిల్‌లో గాజాలోని షాతి శిబిరం, 2017 అక్టోబరులో మళ్లీ కైరో, 2022 అక్టోబరులో అల్జీర్స్, 2024 జూలైలో బీజింగ్. బీజింగ్‌లో 14 పక్షాలు సంతకాలు చేశాయి. ప్రతిసారీ కరచాలనాలు జరిగాయి, ఛాయాచిత్రాలు తీశారు. అమలు దగ్గరకు వచ్చేసరికి మూడే ముళ్లు అడ్డుపడేవి. ఆయుధాలు ఎవరి అదుపులో ఉండాలి? ఉద్యోగుల జీతం ఎవరివ్వాలి? హమాస్ పి.ఎల్.ఓ.లోకి ఎలా రావాలి?

మధ్యవర్తులకు కూడా సొంత లెక్కలు ఉన్నాయి. గాజాతో సరిహద్దు ఉన్న ఈజిప్టుకు సినాయి భద్రత ముఖ్యం. ఖతార్‌కు ప్రాంతీయ పలుకుబడి ముఖ్యం. 2012 అక్టోబరులో ఖతార్ ఎమీర్ గాజాను సందర్శించి, 40 కోట్ల డాలర్ల పనులు ప్రకటించారు. హమాస్ ఆధిపత్యం తరువాత గాజాకు వచ్చిన తొలి దేశాధినేత ఆయనే. 2018 నవంబరునుంచి ఖతార్ నెలనెలా నగదు పంపింది. అది ఇజ్రాయెల్ అనుమతితోనే గాజాలోకి వెళ్లింది. హమాస్‌తో మాట్లాడమని అన్న దేశాలు కూడా కాల్పుల విరమణ కావలసివచ్చినప్పుడు కైరో, దోహా ద్వారా కబురు పంపుకునేవి. బహిరంగంగా బహిష్కరణ, తెరవెనుక బేరం. ఈ రెండు నాలుకల పద్ధతి చీలికను నయం చేయలేదు, దానిని నిర్వహించింది.

2021లో ఒక మంచి అవకాశం వచ్చింది. మే 22న ఎన్నికలు జరుపుతామని ప్రకటించారు. తూర్పు జెరూసలేంలో పోలింగుకు ఇజ్రాయెల్ అనుమతి రాలేదంటూ ఏప్రిల్ చివర అబ్బాస్ వాటిని వాయిదా వేశారు. వాయిదా వల్ల చాలా ప్రభుత్వాలు లోలోపల ఊపిరి పీల్చుకున్నాయేమో గాని, గట్టిగా అడిగినవారు తక్కువ. వెస్ట్‌బ్యాంక్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. శాసనసభకు మాత్రం 2025 చివరివరకు మళ్లీ ఎన్నిక జరగలేదు. 2006లో 18 ఏళ్లకు తొలి ఓటు వేసిన యువతికి 2025 నాటికి 37 ఏళ్లు. ఆమె తన శాసనసభను ఎన్నుకున్నది ఆ ఒక్కసారే.

మన దేశం నడిచిన దారి

ఈ కథలో మన దేశానికి పాత సంబంధం ఉంది. 1956నుంచి 1967 వరకు గాజాలో పనిచేసిన ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భారత సైనికులున్నారు. వారిలో కొందరు 1967 యుద్ధంలో ప్రాణాలు కోల్పోయారు. 1974లో పి.ఎల్.ఓ.ను గుర్తించిన తొలి అరబ్బేతర దేశం మనదే. 1988 నవంబరులో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన తొలి దేశాలలోనూ భారత్ ఉంది. 1996లో గాజాలో ప్రతినిధి కార్యాలయం తెరిచాం. 2003లో దానిని రమల్లాకు మార్చాం. అంటే చీలిక రాకముందే మన కార్యాలయం వెస్ట్‌బ్యాంక్ చేరింది.

చీలిక తరువాత భారత్ పాలస్తీనా అథారిటీతోనే అధికార సంబంధాలు నడిపింది. అబ్బాస్ 2008, 2012, 2017లలో మన దేశానికి వచ్చారు. 2018 ఫిబ్రవరిలో నరేంద్ర మోదీ రమల్లా వెళ్లారు, అక్కడికి వెళ్లిన తొలి భారత ప్రధాని ఆయనే. 1992నుంచి ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఉండటంవల్ల భారత్ ఇరువైపులా తూకం చూసుకుంటూ నడిచింది. ఈ జాగ్రత్తను కొందరు మెచ్చుకున్నారు. మన గొంతు మునుపటికన్నా తగ్గిందని మరికొందరు విమర్శించారు.

నాకు ఇందులో నచ్చిన ఒక చిన్న విషయం చెబుతాను. గాజాలోని అల్ అజహర్ విశ్వవిద్యాలయంలో నెహ్రూ పేరిట ఒక గ్రంథాలయాన్ని, దీర్ అల్ బలాలోని సాంకేతిక కళాశాలలో గాంధీజీ పేరిట గ్రంథాలయం, విద్యార్థి కేంద్రాన్ని భారత్ నిర్మించింది. తరువాత భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా కలిసి నడిపిన నిధి రమల్లాలో క్రీడా ప్రాంగణానికి, గాజాలో రెడ్ క్రెసెంట్ ఆసుపత్రి పునరుద్ధరణకు తోడ్పడింది. మొత్తంమీద చూస్తే ఇవి చిన్న పనులే. అయినా రెండు ముక్కలనూ ఒకే ప్రజగా చూసిన పనులు.

2023 తరువాత

2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్‌పై దాడి చేసింది. సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తరువాత ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో మృతుల సంఖ్య 2025 నవంబరు నాటికి 70 వేలు దాటిందని గాజా ఆరోగ్యశాఖ ప్రకటించింది. గాజాలో చాలా భాగం నేలమట్టమైంది. ఎవరు పాలించాలన్న పాత ప్రశ్న శిథిలాలమీద మళ్లీ లేచింది.

2025 సెప్టెంబరు 12న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ న్యూయార్క్ ప్రకటనను 142 ఓట్లతో ఆమోదించింది. భారత్ అనుకూలంగా ఓటు వేసింది. హమాస్ గాజా పాలననుంచి తప్పుకుని ఆయుధాలను పాలస్తీనా అథారిటీకి అప్పగించాలని, అథారిటీ తనను సంస్కరించుకుని ఎన్నికలు జరపాలని ఆ ప్రకటన కోరింది. అదే నెలలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాయి. అక్టోబరు 10న కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. నవంబరు 17న భద్రతామండలి 2803వ తీర్మానాన్ని 13 ఓట్లతో ఆమోదించింది. రష్యా, చైనా ఓటింగుకు దూరంగా ఉన్నాయి. గాజాకు అంతర్జాతీయ పర్యవేక్షణ, అంతర్జాతీయ దళం ఆ తీర్మానంలోని ముఖ్యాంశాలు. అథారిటీ సంస్కరణలు పూర్తయ్యాకనే గాజా పగ్గాలు దాని చేతికి వస్తాయని అందులో ఉంది. రెండు దశాబ్దాల కిందట ఎన్నికైన ప్రభుత్వానికి షరతులు పెట్టారు. ఇప్పుడు షరతులు తీరాకనే స్వపరిపాలన అంటున్నారు. షరతు మారింది గాని, షరతు పెట్టేవారి స్థానం మారలేదు.

మనం తెలుసుకున్నది

పాలస్తీనా చీలికను బయటి దేశాలు పుట్టించాయని నేను అనను. ఫతా, హమాస్‌ల మధ్య దారి భేదం 1987నుంచే ఉంది. తుపాకులు ఎక్కుపెట్టుకున్నది వారే, ఎన్నికలు జరపనిది వారే. కాని పుండు మానకుండా చేసినవాటిలో ప్రపంచ స్పందన కూడా ఒకటని ఈ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. ఒక దేశం ఒక పక్షానికి డబ్బు, మరొక దేశం మరొక పక్షానికి ఆశ్రయం ఇస్తే, రాజీపడవలసిన అవసరం ఇద్దరికీ తగ్గిపోతుంది. ఐక్యత కోరుతున్నామని చెబుతూ, ఐక్యత కుదిరినప్పుడు దానికి ఊపిరి అందించకపోతే, తరువాతిసారి ఐక్యతకు ముందుకొచ్చేవాడు మరింత బలహీనుడవుతాడు.

ఉష్ణమాపకం నీటిలో ఉన్నంతకాలం అదీ ఆ లెక్కలో భాగమే. దాన్ని కలుపుకోకుండా వేసిన లెక్క తప్పుతుంది.

చదివిన తరువాత ఆలోచించవలసిన ప్రశ్నలు

1. 2006 ఎన్నికలలో మొత్తం 132 స్థానాలనూ నిష్పత్తి పద్ధతిలోనే నింపి ఉంటే, ఎవరికి ఎన్ని వచ్చేవో సుమారుగా లెక్కించండి. ఏ పక్షానికైనా ఒంటరిగా మెజారిటీ వచ్చేదా?

2. "గౌరవించడం", "కట్టుబడి ఉండడం" అనే మాటల మధ్య తేడా ఒక ప్రభుత్వం మనుగడను నిర్ణయించడం సబబేనా? ఇరుపక్షాల వాదనలూ రాయండి.

3. ప్రభుత్వాన్ని పక్కనపెట్టి ప్రజలకు నేరుగా సహాయం అందించడంవల్ల కలిగే మేలు, కీడు ఏమిటి? మీకు తెలిసిన మరొక దేశం ఉదాహరణతో పోల్చి చూడండి.